స్కోలియోడాన్, పాల సొర

స్కోలియోడాన్, పాల సొర భారత తీరజలాల్లో దొరికే రెండు చిన్న సొరచేపలు. రెండూ మృదులాస్థి చేపలు. క్రమం కార్కరినిఫార్మిస్, కుటుంబం కార్కరినిడే. మొదటిదాని శాస్త్రీయ నామం స్కోలియోడాన్ లాటికాడస్, రెండోదానిది రైజోప్రియోనోడాన్ అక్యూటస్. మన దేశపు జంతుశాస్త్ర పుస్తకాలు ఈ రెంటినీ చాలాకాలం ఒకే ప్రజాతి కింద చేర్చి, ‘ఇండియన్ డాగ్‌ఫిష్’ అన్న పేరుతోనే పరిచయం చేశాయి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) 2020లో వేసిన అంచనాల్లో పాల సొర ‘దుర్బల’ జాతిగా, స్కోలియోడాన్ ‘ప్రమాదానికి చేరువైన’ జాతిగా నమోదయ్యాయి. ముట్టె పొడవు, రెక్క స్థానం, పరిమాణం తప్ప పైకి పెద్ద తేడా కనిపించని ఈ చేపలకు వేర్వేరు స్థితులు ఎందుకు వచ్చాయో తెలియాలంటే ఆకారం కన్నా వాటి కాన్పుల లెక్క ఎక్కువ చూడాలి.

డాగ్‌ఫిష్ అన్న మాట

డాగ్‌ఫిష్ అన్నది ఒక్క చేప పేరు కాదు. ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో చిన్న సొరలను, ముఖ్యంగా గుంపులుగా తిరిగేవాటిని, ఆ పేరుతో పిలిచేవారు. కచ్చితమైన అర్థంలో అది స్క్వాలిఫార్మిస్ క్రమానికి చెందిన చేపలకు వర్తిస్తుంది. వాటికి పాయువాజం (పాయువు దగ్గరి రెక్క) ఉండదు. స్పైనీ డాగ్‌ఫిష్ (స్క్వాలస్ అకాంథియస్) వంటివాటిలో వీపు మీది రెండు రెక్కల ముందూ ఒక్కో ముల్లు నిలబడి ఉంటుంది. బ్రిటిష్ విద్యార్థులు ప్రయోగశాలలో కోసిన డాగ్‌ఫిష్ మాత్రం మరొకటి, స్కిలియోరైనస్ కానిక్యులా. అది తోలు సంచిలాంటి గుడ్లు పెడుతుంది.

ఆ పాఠ్యప్రణాళిక భారతదేశానికి వచ్చినప్పుడు ఇక్కడి తీరంలో సులువుగా దొరికే చిన్న సొర ఆ చేప స్థానంలోకి వచ్చింది, పేరు మాత్రం మారలేదు. అందుకే మన డాగ్‌ఫిష్‌కు పాయువాజం ఉంది, ముళ్లు లేవు, కంటిని కప్పే నిమేషక పటలం ఉంది. స్కోలియోడాన్‌ను మన మత్స్యశాస్త్ర రచనల్లో ‘యెల్లో డాగ్ షార్క్’ అని కూడా రాస్తారు. అంతర్జాతీయ వాడుకలో దానికి స్పేడ్‌నోస్ షార్క్ అని పేరు, అంటే పారలాంటి ముక్కున్న సొర. అసలైన స్క్వాలిఫార్మిస్ చేపలు మన దగ్గర లేకపోలేదు. గల్పర్ సొరలు (సెంట్రోఫోరస్ ప్రజాతి) అండమాన్, కేరళ వైపు లోతు నీళ్లలో ఉంటాయి. కాలేయపు నూనె కోసం వాటిని పట్టారు. అవి ఈ వ్యాసం పరిధిలోకి రావు.

చరిత్ర: విశాఖ ఒడ్డు, తెలుగు పేర్లు

ఈ చేపల శాస్త్ర చరిత్ర తెలుగు నేల మీదే మొదలవుతుంది. స్కాట్లండుకు చెందిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1780ల తొలినాళ్లలో విశాఖపట్నం చేరాడు. అతని సోదరుడు క్లాడ్ రస్సెల్ అప్పుడు అక్కడ ఈస్టిండియా కంపెనీ అధికారి. 1785లో పాట్రిక్ కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమితుడయ్యాడు. పాముల మీద అతను చేసిన పని అందరికీ తెలిసిందే. చేపల మీద చేసిన పని అంత ప్రచారం పొందలేదు. విశాఖలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, బొమ్మలు 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి.

ఆ గ్రంథంలో రస్సెల్ తీసుకున్న ఒక నిర్ణయం మనకు విలువైనది. లాటిన్ పేర్లు కల్పించే బదులు, ఒడ్డున జాలరులు చెప్పిన పేర్లను విన్నవి విన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లోకి ఎక్కించి శీర్షికలుగా పెట్టాడు. ‘పాల సొర్ర’, ‘సొర్ర కోవా’ అన్న పేర్లు అలా పుస్తకానికెక్కాయి. అర్ధ శతాబ్దం తరువాత డచ్ వైద్యుడు, మత్స్యశాస్త్రజ్ఞుడు పీటర్ బ్లీకర్ ఆ మాటలనే శాస్త్రీయ నామాల్లో వాడాడు. ఆ విధంగా పాలసొర్రా, సొర్రకోవా అన్న జాతి నామాలు పుట్టాయి. మరో సొరకు ముల్లర్, హెన్లె పెట్టిన కార్కరైనస్ సొర్రా అన్న పేరులోనూ మన తీరపు మాటే ఉంది. విశాఖ ఒడ్డున ఎవరో జాలరి పలికిన మాట రెండు వందల ఏళ్లుగా ప్రపంచ గ్రంథాల్లో నిలిచింది. ఆ జాలరి పేరు మాత్రం ఎక్కడా లేదు.

నేటి శాస్త్రీయ నామాల వరస వేరు. జర్మన్ యాత్రికుడు ఎడ్వర్డ్ రుప్పెల్ ఎర్ర సముద్రం ఒడ్డున జెడ్డా దగ్గర దొరికిన నమూనాను 1837లో కార్కరియాస్ అక్యూటస్ అని వర్ణించాడు. అదే నేటి పాల సొర. అక్యూటస్ అంటే మొనదేలినది. మరుసటి ఏడాది, 1838లో, యోహానెస్ ముల్లర్, యాకోబ్ హెన్లె కలిసి స్కోలియోడాన్ లాటికాడస్‌ను వర్ణించారు. స్కోలియోడాన్ అంటే వంకర పన్నుది, లాటికాడస్ అంటే వెడల్పు తోకది.

వర్గీకరణ: ఒక ప్రజాతి విడిపోయిన తీరు

పందొమ్మిదో శతాబ్ది చివరి నుంచి ఇరవయ్యో శతాబ్ది మధ్యదాకా స్కోలియోడాన్ అన్న పేరు ఒక పెద్ద సంచి. వంకర పళ్లున్న చిన్న తీరసొరలన్నీ అందులో పడ్డాయి. మన డిగ్రీ పుస్తకాలు భారతీయ స్కోలియోడాన్ జాతులుగా సొర్రకోవా, పాలసొర్రా, డ్యుమెరిలి, వాల్బీమి అని నాలుగు పేర్లు చెప్పేవి. వీటిలో వాల్బీమి అన్నది నేటి పాల సొరకే మరో పేరు.

ఈ చిక్కును విప్పినవాడు అమెరికా జాతీయ మ్యూజియం శాస్త్రజ్ఞుడు విక్టర్ స్ప్రింగర్. 1964లో అతను స్కోలియోడాన్, లోక్సోడాన్, రైజోప్రియోనోడాన్ ప్రజాతులను తిరిగి పరిశీలించి, అడ్డంగా పెరిగిపోయిన స్కోలియోడాన్‌ను ఒకే ఒక జాతికి కుదించాడు. పాల సొర, దాని దగ్గరి బంధువులు రైజోప్రియోనోడాన్‌లోకి వెళ్లాయి. ఆ ప్రజాతి పేరును 1929లోనే ఆస్ట్రేలియాకు చెందిన గిల్బర్ట్ విట్లీ పెట్టాడు. కథ అక్కడితో ఆగలేదు. 2010లో వైట్, లాస్ట్, నేలర్ పశ్చిమ పసిఫిక్‌లోని స్కోలియోడాన్‌ను మాక్రోరింకోస్ అన్న వేరే జాతిగా నిలబెట్టారు. అప్పటినుంచి లాటికాడస్ అంటే ప్రధానంగా హిందూ మహాసముద్రపు చేప.

పాత రచనలు చదివేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. పాత పుస్తకంలో పాలసొర్రా అన్న పేరు కనిపించినంత మాత్రాన అది నేటి పాల సొర అనుకోకూడదు. 1964కు ముందు స్కోలియోడాన్ అని రాసిన వాక్యం ఈ రెండు చేపల్లో దేని గురించైనా కావచ్చు. వర్ణన చదివి తేల్చుకోవలసిందే.

సికింద్రాబాదు ప్రయోగశాలల్లో

సికింద్రాబాదుకు సముద్రం లేదు. బాపట్ల దగ్గరి సూర్యలంక తీరానికి రోడ్డు దారిన వెళ్లాలన్నా 300 కిలోమీటర్లు పైన. అయినా ఈ జంటనగరాల్లో జంతుశాస్త్రం చదివిన కొన్ని తరాలకు సొర బాగా పరిచయం. తీరం నుంచి ఫార్మలిన్‌లో నిలవచేసి తెచ్చిన చేప, మైనం పోసిన ట్రే, గుండుసూదులు, కళ్లు మండించే వాసన: డిగ్రీ ప్రాక్టికల్స్‌లో సొర అంటే ఇవే. అభివాహి మొప్ప ధమనులను విడదీసి చూపడం, ఐదు, ఏడు, తొమ్మిది, పది కపాల నాడులను తెగకుండా బయటపెట్టడం పరీక్షలో అడిగే పనులు. మృదులాస్థి మెత్తనిది కాబట్టి చిన్న కత్తితోనే కపాలాన్ని చెక్కవచ్చు. ఎముక చేపలో ఆ సౌలభ్యం లేదు. ఈ చేపను ఎంచుకోవడానికి ఒక కారణం అదే.

ఈ బోధనకు ఆధారగ్రంథం 1928లో వచ్చింది. లక్నోలోని ఇసబెల్లా థోబర్న్ కాలేజీ ఆచార్యురాలు ఇ. ముత్తమ్మ తిల్లైయంపలం, కె. ఎన్. బహల్ సంపాదకత్వంలోని ఇండియన్ జూలాజికల్ మెమాయిర్స్ వరసలో స్కోలియోడాన్ మీద పూర్తి శరీరనిర్మాణ గ్రంథం రాసింది. తరువాతి పుస్తకాల్లోని బొమ్మలకూ వర్ణనలకూ మూలం చాలావరకు అందులోనే ఉంది. ఒక భారతీయ మహిళ ఆ రోజుల్లో సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లో కూర్చొని చేసిన ఆ పనికి తగిన గుర్తింపు రాలేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ డిగ్రీ పాఠ్యగ్రంథాలను తెలుగులోకి తెచ్చాక వాజం, మొప్ప చీలిక, సర్పిల కవాటం వంటి మాటలతో ఈ చేపను తెలుగులోనే చదవడం సాధ్యమైంది.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2011లో జంతువుల కోతను తగ్గించే మార్గదర్శకాలు ఇచ్చింది, 2014లో ఆపివేయమంది. ఇప్పుడు విద్యార్థులు చార్టులు, నమూనాలు, కంప్యూటర్ చిత్రాలతో నేర్చుకుంటున్నారు. పాత సీసాల్లోని చేపలు మాత్రం అల్మారాల్లో మిగిలాయి. వాటి మీది చీటీల్లో చాలావరకు ‘స్కోలియోడాన్’ అన్న ఒక్క మాటే ఉంటుంది. అది నిజంగా స్కోలియోడానా, పాల సొరా అన్నది చేపను చూసి తేల్చాలి. ఫార్మలిన్‌లో రంగు పోతుంది కనుక రంగు ఆ పనికి పనికిరాదు.

ఆకార భేదాలు

రెండింటికీ ఐదు జతల మొప్ప చీలికలు, విషమపాలి తోక, సన్నని సాగిన దేహం, గరుకు కాగితంలాంటి చర్మం ఉంటాయి. ఆ గరుకుదనం ప్లేకాయిడ్ పొలుసులది. ముట్టె అడుగున నీటిలోని విద్యుత్ కదలికలను పసిగట్టే లోరెంజిని తుంబికల రంధ్రాలు చుక్కలుగా కనిపిస్తాయి. మగ చేపకు శ్రోణివాజాల (కటి దగ్గరి రెక్కల) పక్కన ఒక జత ఆలింగకాలు (క్లాస్పర్లు) ఉంటాయి.

తేడా చూడవలసిన మొదటి చోటు వీపు మీది పెద్ద రెక్క. స్కోలియోడాన్‌లో మొదటి పృష్ఠవాజం బాగా వెనక్కి జరిగి ఉంటుంది. దాని వెనక కొన శ్రోణివాజాల మొదలు దాటి వాటి మీదికి వస్తుంది. పాల సొరలో అది ముందుంటుంది. ఉరోవాజాల (రొమ్ము రెక్కల) వెనక కొనల పైనే మొదలై, శ్రోణివాజాలకు చాలా ముందే ముగుస్తుంది. కుళ్లిన చేపలోనూ, సీసాలోని చేపలోనూ, తలలేని మొండెంలోనూ ఈ గుర్తు నిలుస్తుంది.

రెండో గుర్తు నోటి మూలల్లో. పాల సొర పైపెదవి పక్కన స్పష్టమైన పొడుగాటి పెదవి చాళ్లు ఉంటాయి. నోటి మూలల వెనక పెద్ద రంధ్రాల వరస ఒకటి, పక్కకు 7 నుంచి 15 దాకా, కనిపిస్తుంది. స్కోలియోడాన్‌లో ఆ చాళ్లు పొట్టివి, లేదా లేనట్టే. ముట్టెను పైనుంచి చూస్తే స్కోలియోడాన్‌ది పలకలా చదునుగా పారను తలపిస్తుంది, పాల సొరది పొడుగ్గా మొనదేలి ఉంటుంది. స్కోలియోడాన్ ఉరోవాజాలు పొట్టిగా, వెడల్పుగా, త్రిభుజంలా ఉంటాయి. దాని పళ్ల అంచులు నునుపు. ఎదిగిన పాల సొర పళ్ల అంచులకు సన్నని రంపపు గరుకు ఉంటుంది.

పరిమాణంలో తేడా ఎక్కువే. స్కోలియోడాన్ సాధారణంగా 60 సెంటీమీటర్ల లోపు, గరిష్ఠంగా 74 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. పాల సొర మీటరు దాటుతుంది. ఆఫ్రికా పడమటి తీరంలో 178 సెంటీమీటర్ల చేపను నమోదు చేశారు కానీ మామూలుగా 110 సెంటీమీటర్ల లోపే. అయితే ఒడ్డుకు వచ్చే పాల సొరల్లో పిల్లలు ఎక్కువ కాబట్టి పొడవును బట్టి జాతిని చెప్పడం ప్రమాదం. బతికున్నప్పుడు స్కోలియోడాన్ పైన కంచు ఛాయ కలిసిన బూడిద, పాల సొర బూడిద లేదా గోధుమ. రెండింటి కడుపూ తెలుపే.

ఆవాసం, ఆహారం

స్కోలియోడాన్ ఒడ్డును వదిలి వెళ్లే చేప కాదు. తూర్పు ఆఫ్రికా నుంచి పాకిస్తాన్, భారత తీరాల మీదుగా బంగాళాఖాతం దాకా, ఎక్కువగా 10–15 మీటర్ల లోతు నీళ్లలో, బురద నేలల మీద, నదీముఖాల దగ్గర గుంపులుగా తిరుగుతుంది. గుజరాత్, మహారాష్ట్ర తీరాల్లో దాని సంఖ్య ఎక్కువ. నెత్తళ్లు, వానమట్టలు, రొయ్యలు, కణవలు దాని తిండి.

పాల సొర పరిధి చాలా పెద్దది. పశ్చిమ ఆఫ్రికాలో మారిటేనియా నుంచి అంగోలా దాకా, ఎర్ర సముద్రం నుంచి దక్షిణాఫ్రికా దాకా, తూర్పున జపాన్, ఆస్ట్రేలియా దాకా అది ఉంది. అలలు విరిగే ఒడ్డు నుంచి 200 మీటర్ల లోతుదాకా దిగుతుంది. ప్రధానంగా ఎముక చేపలను, కొంతవరకు కణవలను, రొయ్యలను తింటుంది. తనను పెద్ద సొరలు తింటాయి. దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నాటాల్ తీరంలో స్నానాలు చేసేవారి రక్షణకు వేసిన వలల్లో పెద్ద సొరలు పడి తగ్గాక, పాల సొర వంటి చిన్నవి పెరిగినట్టు గమనించారు. తీరపు ఆహార గొలుసులో ఇవి మధ్య కొక్కెం అన్నమాట.

సంతానోత్పత్తి

ఈ రెండు చేపల్లోనూ గుడ్డు తల్లి కడుపులోనే ఫలదీకరణ చెంది, పిల్ల జరాయువు ద్వారా పోషణ పొంది, పూర్తిగా తయారై పుడుతుంది. క్షీరదాలతో సంబంధం లేకుండా సొరల్లో విడిగా ఏర్పడిన ఏర్పాటు ఇది. కానీ రెండింటిలో దాని పద్ధతి వేరు, లెక్క అంతకన్నా వేరు.

పాల సొరలో పిండం మొదట తన సొనను తిని బతుకుతుంది. సొన అయిపోయాక, ఖాళీ అయిన సొనసంచి గర్భాశయపు గోడకు అతుక్కొని జరాయువుగా మారుతుంది. గర్భకాలం దాదాపు ఏడాది. ఒక కాన్పులో 1 నుంచి 8 పిల్లలు, ఎక్కువగా 2 నుంచి 5. పుట్టినప్పుడు పిల్ల పొడవు 25–39 సెంటీమీటర్లు. తల్లి పొడవులో మూడో వంతు ఉండే పిల్ల పుడుతుందంటే తల్లి ఎంత పెట్టుబడి పెడుతోందో అర్థమవుతుంది. ఈ చేప కనీసం ఎనిమిదేళ్లు బతుకుతుంది.

స్కోలియోడాన్‌ది సొరలన్నిటిలో మరో కొస. దాని అండం వ్యాసం సుమారు ఒక మిల్లీమీటరు. సొరల్లో ఇంత చిన్న అండం మరొకటి తెలియదు. అందులో సొన దాదాపు లేదు. అందుకే పిండం 3 మిల్లీమీటర్లు ఉన్నప్పుడే తల్లితో అతుక్కోవాలి, ఆ తరువాతి బతుకంతా తల్లి రక్తం ఇచ్చేదే. గర్భాశయపు గోడ నుంచి గిన్నెలాంటి నిర్మాణం పెరిగి దాన్ని పట్టుకుంటుంది. బొడ్డుతాడు పొడవునా సన్నని కుచ్చుల్లాంటి ఉపాంగాలు మొలిచి పోషకాలను పీల్చే ఉపరితలాన్ని పెంచుతాయి. బొంబాయిలో ఎస్. బి. సెట్నా, పి. ఎన్. సారంగ్‌ధర్ 1940లలో అక్కడి మృదులాస్థి చేపల పిండాభివృద్ధి మీద చేసిన అధ్యయనాలు ఈ విషయంలో ముఖ్యమైన ఆధారాలు.

గర్భకాలం ఐదారు నెలలే. కాన్పుకు ఒక్క పిల్ల నుంచి 14 దాకా, కొన్నిచోట్ల అంతకు మించి కూడా నమోదయ్యాయి. పుట్టే పిల్ల 12–15 సెంటీమీటర్లు. 33–35 సెంటీమీటర్లకే ఆడది పెద్దదవుతుంది, అంటే ఒకటి రెండేళ్లలో. ఆయుర్దాయం ఆరేళ్ల దగ్గర. పిల్లలు పెట్టడానికి ప్రత్యేక రుతువు లేదు, ఏడాది పొడవునా గర్భిణి చేపలు దొరుకుతాయి.

ఈ రెండు వరసలను పక్కపక్కన పెడితే వ్యాసం మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఒకే వలలో, ఒకే రోజు, ఒక స్కోలియోడాన్ తల్లి, ఒక పాల సొర తల్లి పడ్డాయనుకుందాం. మొదటిదాని లోటును దాని తోటివి త్వరగా పూడ్చగలవు. రెండోదాని లోటు పూడడానికి ఏళ్లు పడుతుంది. స్పైనీ డాగ్‌ఫిష్ విషయం ఇంకా కష్టం. దాని గర్భకాలమే దాదాపు రెండేళ్లు. ఈశాన్య అట్లాంటిక్‌లో దాని సంఖ్య బాగా పడిపోయింది.

వేట, వంట, వ్యాపారం

విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం హార్బర్లలో ఈ సొరలు ట్రాలర్లకూ, మరవలలకూ పడతాయి. వీటి కోసమే వేసే వల తక్కువ. రొయ్యల కోసం లాగిన వలలో ఇతర చేపలతో కలిసి వచ్చేవే ఎక్కువ. కాబట్టి సొర ధర పడిపోయినా సొర వేట తగ్గదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు యాంత్రిక పడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని దృష్టిలో పెట్టుకొని చేసిన ఏర్పాటు అది. కాలం పట్టింపు లేకుండా పిల్లలు పెట్టే స్కోలియోడాన్‌కు, ఏడాదంతా గర్భం మోసే పాల సొరకు ఆ రెండు నెలలు విశ్రాంతి మాత్రమే, కాన్పు రక్షణ కాదు.

పాల సొర పేరు వెనక ఒక నమ్మకం ఉంది. దాని మాంసం తింటే బాలింతకు పాలు పడతాయని తీరప్రాంతం నమ్ముతుంది. ఇంగ్లీషులోని మిల్క్ షార్క్ అన్న పేరు ఈ నమ్మకం నుంచే వచ్చిందని చెబుతారు. కోస్తా ఆంధ్రలో బాలింతలకు సొరపిట్టు వండిపెట్టే అలవాటు ఇప్పటికీ ఉంది. చేపను ముక్కలు చేసి పసుపు వేసి ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, గరుకు చర్మాన్ని రుద్ది తీసేసి, మాంసాన్ని చేత్తో పొడిపొడిగా చిదిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లితో వేయిస్తారు. ముల్లు లేని మాంసం కాబట్టి పిల్లలకూ సులువు.

మొదటి ఉడుకు నీళ్లు పారబోయడానికి శాస్త్రీయ కారణం ఉంది. సముద్రపు ఉప్పును తట్టుకోవడానికి సొరలు తమ రక్తంలో, కండరాల్లో యూరియాను నిలవ ఉంచుకుంటాయి. చేప చచ్చాక బాక్టీరియా ఆ యూరియాను అమ్మోనియాగా మారుస్తాయి. ఐసులో పెట్టి సికింద్రాబాదు, హైదరాబాదు మార్కెట్లకు చేరేసరికి ఘాటు వాసన తేలుతుంది. తీరంలో ఇష్టంగా తినే సొర లోపలి జిల్లాల్లో అంత ఆదరణ పొందకపోవడానికి ఈ వాసనే ముఖ్య కారణం అనిపిస్తుంది. మిగిలినది ఉప్పు పట్టి ఎండబెడతారు. రెక్కలు చిన్నవి కనుక వాటికి పెద్ద సొరల రెక్కలకు వచ్చే ధర రాదు.

ప్రమాద స్థితి, చట్టం

ఐయూసీఎన్ లెక్కలో దుర్బల అంటే, ఈ చేపల విషయంలో, మూడు తరాల కాలంలో సంఖ్య 30 శాతమో అంతకు మించో తగ్గిందని అంచనా. ప్రమాదంలో ఉన్నట్టు లెక్కకట్టే మూడు వర్గాల్లో అది మొదటి మెట్టు. ప్రమాదానికి చేరువైనది ఆ మూడింటికి బయట, గుమ్మం దగ్గర నిలబడ్డట్టు. కాబట్టి రెండింటినీ కలిపి ‘అంతరించిపోతున్న సొరలు’ అని రాయడం పత్రికల్లో కనిపించినా సరి కాదు. 2021లో వెలువడిన ప్రపంచ అంచనా ప్రకారం సొరలు, టేకులు కలిపి మూడో వంతుకు పైగా జాతులు ప్రమాదంలో ఉన్నాయి. కారణం దాదాపు అన్నిచోట్లా ఒకటే, మితిమీరిన వేట.

భారతదేశం 2001లో వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో పది మృదులాస్థి చేపలను చేర్చింది. తిమింగల సొర, గంగా సొర, పాండిచ్చేరి సొర వాటిలో ఉన్నాయి. మన రెండు చేపలు లేవు. 2013లో రెక్కలు కోసి మొండేన్ని సముద్రంలో పారేయకుండా, రెక్కలతో సహా చేపను ఒడ్డుకు తేవాలన్న విధానం వచ్చింది. 2015లో సొర రెక్కల ఎగుమతిని నిషేధించారు. 2022 నవంబరులో పనామాలో జరిగిన అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం (సైటిస్) సమావేశం కార్కరినిడే కుటుంబం మొత్తాన్ని రెండో అనుబంధంలో చేర్చింది. ఏడాది గడువు తరువాత, 2023 నవంబరులో, అది అమల్లోకి వచ్చింది. దానితో ఈ కుటుంబపు సొరల అంతర్జాతీయ వ్యాపారానికి అనుమతి పత్రం, ఆ వేట జాతిని దెబ్బతీయదన్న శాస్త్రీయ నిర్ధారణ అవసరమయ్యాయి.

కుటుంబాన్ని మొత్తంగా చేర్చడానికి కారణం గుర్తింపు సమస్యే. కోసి ఎండబెట్టిన రెక్క ఏ జాతిదో కస్టమ్స్ అధికారి కంటితో చెప్పలేడు. అయితే ఈ నిబంధన సరిహద్దు దాటే సరుకుకే. విశాఖ వేలంపాటలో అమ్ముడై సికింద్రాబాదులో వండే సొర దీని కిందికి రాదు. మన పాల సొర అమ్మకంలో పెద్ద భాగం దేశం లోపలిదే.

గుర్తింపు: కన్ను, జన్యువు

కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఒడ్డుకు దిగిన సరుకును కొలిచి జాతివారీగా రాసుకునే పని అక్కడివారిది. కానీ వేలం గట్టు మీద గంపలో ‘సొర’ అని ఒకటే కుప్ప. పెద్ద దిగుబడి పట్టికల్లోనూ ‘సొరలు’ అన్న ఒకే గడి కనిపిస్తుంది. త్వరగా పుంజుకునే స్కోలియోడాన్ సంఖ్య ఆ గడిని నిండుగా ఉంచుతుంది. దాని చాటున పాల సొర తగ్గినా మొత్తం అంకె కదలకపోవచ్చు. పేరు తప్పితే లెక్క తప్పుతుందన్నది ఇక్కడ అక్షరాలా నిజం.

కోసిన ముక్క నుంచి జాతిని తేల్చే పద్ధతికి సికింద్రాబాదు పొరుగునే ఒక మూలం ఉంది. హబ్సిగూడ దగ్గరి కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ)లో ఎస్. కె. వర్మ, లాల్జీ సింగ్ కలిసి మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ బి జన్యువు ఆధారంగా అనేక జంతుజాతులకు పనికొచ్చే గుర్తింపు పద్ధతిని తయారుచేసి 2003లో ప్రకటించారు. చర్మం, మాంసం, ఎండిన ముక్క దేన్నుంచైనా జన్యుపదార్థం తీసి, ఆ భాగపు అక్షరక్రమం చదివి, నమోదైన జాతులతో పోలుస్తారు. చేపలకు ఇదే తర్కంతో సీఓఐ అన్న మరో మైటోకాండ్రియా జన్యువును ప్రపంచమంతా వాడుతోంది.

ఫార్మలిన్‌లో ఏళ్ల తరబడి ఉన్న చేపకు ఈ పద్ధతి అంత సులువుగా పనిచేయదు. ఫార్మలిన్ జన్యుపదార్థాన్ని ముక్కలు చేసి, ప్రోటీన్లతో ముడివేస్తుంది. కాబట్టి కాలేజీ అల్మారాలోని సీసాకు పాత పద్ధతే దిక్కు. మూత తీసి, చేపను నీటిలో కడిగి, వీపు రెక్క వెనక కొన ఎక్కడ ముగిసిందో చూడాలి. శ్రోణివాజాల మీదికి వస్తే స్కోలియోడాన్ లాటికాడస్, వాటికి ముందే ఆగితే, నోటి మూలల్లో పొడుగు చాళ్లు కూడా ఉంటే, రైజోప్రియోనోడాన్. ఈ రెండో ప్రజాతిలో పాల సొర కాక దానికన్నా చిన్నదైన ఒలిగోలింక్స్ అన్న జాతి కూడా మన తీరంలో ఉంది. దాని నోటి మూలల రంధ్రాల వరసలో సంఖ్య తక్కువ, పక్కకు 3 నుంచి 8. అది లెక్కపెట్టాకే చీటీ మీద జాతి పేరు రాయాలి.